పల్నాటి గాలికి మంచి కితాబు ఎవరిచ్చారు?

వాయు కాలుష్యం ఢిల్లీ వాళ్ళ బాధ, పల్నాడులో ఉన్నది ఒట్టి దుమ్ము, దుమ్ముకు ఎవరూ చచ్చిపోరు. ఈ మాట మన వైపు ఎంతగా పాతుకుపోయిందంటే, ఆయాసంతో ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళు కూడా ఇదే అంటారు. దీనికి ఆసరాగా చూపే కారణాలు కొన్ని ఉన్నాయి. కాలుష్య నగరాల జాబితాలో మన ఊళ్ళ పేర్లు లేవు. ఫోన్లో గాలి సూచీ చూస్తే పచ్చరంగు. మనది సున్నపురాయి దుమ్ము, సున్నం తాంబూలంలో వేసుకుని తినేదే. ఊపిరితిత్తులు చెడితే అది బీడీ పుణ్యం. వీటన్నిటి పైన పార్లమెంటు ముద్ర ఒకటి: కాలుష్యానికీ ఊపిరితిత్తుల జబ్బులకూ నేరుగా సంబంధం ఉందని తేల్చే గట్టి ఆధారాలు దేశంలో లేవని 2025 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ సహాయ మంత్రి కీర్తివర్ధన్ సింగ్ రాజ్యసభకు రాతపూర్వకంగా చెప్పారు. కాలుష్యం శ్వాస జబ్బులను రేపే కారణాల్లో ఒకటని అదే జవాబులో ఒప్పుకున్నారు. జనంలోకి వచ్చేసరికి ఒప్పుకోలు రాలిపోయి, ఆధారాలు లేవన్న ముక్క ఒక్కటే మిగిలింది.

ఈ కారణాల్లో ఒక్కటీ నిలవదు. అవి నిలవవని చెప్పడానికి వైద్యుడే కానక్కర్లేదు. గాలిని ఎక్కడ కొలుస్తారో, ఎలా కొలుస్తారో, కొలిచిన అంకెకు ఏ పేరు పెడతారో తెలిస్తే చాలు.

ముందు జాబితా సంగతి. కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి ప్రమాణాలను అందుకోలేని నగరాలంటూ ఆంధ్రప్రదేశ్ నుంచి క్రమంగా 13 పేర్లు అందులోకి ఎక్కాయి: విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం, నెల్లూరు, కర్నూలు, ఒంగోలు, ఏలూరు, రాజమహేంద్రవరం, కడప, అనంతపురం, చిత్తూరు, శ్రీకాకుళం, విజయనగరం. నరసరావుపేట లేదు, మాచర్ల లేదు, గురజాల లేదు, పిడుగురాళ్ళ లేదు. అయితే ఆ పేర్లు ఎలా తేలాయి? ఊళ్ళో కొలత కేంద్రం పెట్టి, వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదికి 104 రోజులు, ఇరవై నాలుగేసి గంటలు గాలిని వడపోత కాగితం గుండా లాగి, దాని మీద పేరుకున్న ధూళిని తూకం వేస్తారు. అలా వరసగా ఐదేళ్ళు లెక్క ప్రమాణం దాటితే ఆ నగరం జాబితాకు ఎక్కుతుంది. అలాంటి కొలత జరగని ఊరు ఎంత దుమ్ములో మునిగినా ఆ జాబితాలోకి రాలేదు. జాబితాలో పేరు లేకపోవడం గాలి గురించి ఏమీ చెప్పదు. కొలత గురించి మాత్రమే చెబుతుంది. ఇంకో సంగతి. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. అప్పటిదాకా మన జిల్లా కేంద్రమైన గుంటూరు ఆ 13లో ఉంది. గుంటూరు నగరం నడుమ సిమెంటు కొలిమి లేదు, సున్నపు బట్టీల వరసలు లేవు. అయినా అది ప్రమాణం దాటింది. కొలిమి, బట్టీ, గని, క్రషర్ అన్నీ ఉన్న చోట గాలి బాగుందని ఏ లెక్కతో అంటున్నారు?

అసలు కొలతలే లేవనడం కూడా నిజం కాదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద అనుమతి పొందిన సిమెంటు కర్మాగారం, పెద్ద గని ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. చుట్టుపక్కల ఊళ్ళలో గాలి లెక్కలు అందులో ఉంటాయి. కానీ ఆ లెక్క తీసేది కంపెనీ డబ్బు తీసుకునే ప్రయోగశాల. పొగగొట్టంలో ఏం పోతోందో ఎప్పటికప్పుడు కాలుష్య మండలికి పంపే యంత్రాలు సిమెంటు కర్మాగారాలకు తప్పనిసరి. అది మంచిదే. అయితే ఆ యంత్రం చూసేది గొట్టం లోపల. గనిలో పేలుడు దుమ్ము, క్రషర్ దగ్గర లేచే దుమ్ము, టార్పాలిన్ కప్పని లారీ నుంచి రాలేది, ఆ రాలినదాన్ని వెనక వచ్చే లారీ మళ్ళీ లేపేది, ఇవేవీ గొట్టం గుండా పోవు. ఇక చిన్న బట్టీలకు ఆ యంత్రం కూడా తప్పనిసరి కాదు. వాటి పొగ ఇళ్ళ మీదుగా, మనిషి ఎత్తులోనే సాగిపోతుంది.

ఫోన్లో కనిపించే పచ్చరంగు గురించి. మన దేశపు గాలి నాణ్యత సూచీ 2015లో వచ్చింది. సూచీ 100 లోపు ఉంటే గాలి సంతృప్తికరం అని రాస్తారు. రెండున్నర మైక్రాన్ల లోపు ఉండే సన్న ధూళి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల దాకా ఉన్నా ఆ పేరు వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం రోజు సగటు 15 దాటకూడదు. అంటే వాళ్ళ హద్దుకు నాలుగింతలున్న గాలికి మనం సంతృప్తికరమని పేరు పెట్టుకున్నాం. ఏడాది సగటు తీసుకుంటే తేడా ఇంకా ఎక్కువ: వాళ్ళది 5, మనది 40. మన 40 కూడా 2009లో పెట్టుకున్నది. పైగా స్థానికంగా కొలత కేంద్రం లేని ఊరికి ఫోన్లో కనిపించే అంకె ఉపగ్రహ చిత్రాల నుంచీ, దూరపు కేంద్రాల నుంచీ అంచనా కట్టినది. అది విశాలమైన ప్రాంతానికి సగటు. బట్టీల పక్క సందులో నివసించే తల్లి, బిడ్డ పీల్చేది సగటు గాలి కాదు.

ఇప్పుడు తాంబూలం వాదన. ఇది నవ్వి వదిలేసే మాట కాదు. పిడుగురాళ్ళ, దాచేపల్లి, నడికుడి వైపు చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని నిజంగా నమ్ముతారు. సున్నపురాయి మన నేల బలం. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది ఈ పల్నాటి రాతితోనే. మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం 1958లో వచ్చింది. పిడుగురాళ్ళకు లైమ్ సిటీ అనే పేరే ఉంది. తరతరాలుగా ఈ రాయితో బతికినవాళ్ళకు అది విషమంటే మనసొప్పదు. కానీ వాదన తప్పు, అదీ మూడు చోట్ల తప్పు.

ఒకటి, ఆకులో రాసుకునేది నీళ్ళు పోసి చల్లార్చిన సున్నం, అదీ గోటితో తీసినంత. అదే కాస్త ఎక్కువైతే నోరు పొక్కుతుందని తెలియని తెలుగువాడు లేడు. బట్టీ నుంచి వచ్చేది చల్లారని సున్నం. దాని మీద నీళ్ళు పోస్తే సలసల మరుగుతుంది. ఆ పొడి కంట్లో, ముక్కులో, గొంతులో పడితే అక్కడి తడితోనే ఆ పని మొదలుపెడుతుంది. బట్టీ దగ్గర సున్నం తట్టలు మోసి, మిల్లులో బస్తాలు నింపే కూలీల అరచేతులు పగిలి, కళ్ళు ఎర్రబడేది అందుకే. నోటి పొర తట్టుకోలేనిదాన్ని ఊపిరితిత్తి పొర తట్టుకుంటుందని ఎలా అనుకుంటాం? తిన్నది పొట్టలోకి పోతుంది, రసాల్లో కలిసి బయటికి పోయే దారి ఉంది. పీల్చిన సన్న ధూళికి అలాంటి దారి లేదు. పది మైక్రాన్లకు మించినది చాలావరకు ముక్కులో, గొంతులో ఆగుతుంది. రెండున్నర మైక్రాన్ల లోపుది గాలితిత్తుల అడుగు దాకా దిగి, అందులో మరీ సన్ననిది రక్తంలోకి కూడా చేరుతుంది. అందుకే కాలుష్యం వల్ల వచ్చేవి దగ్గు, ఉబ్బసం మాత్రమే కావు. గుండెపోటు, పక్షవాతం, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు.

రెండు, బట్టీ నుంచి వచ్చేది సున్నం ఒక్కటే కాదు. సున్నపురాయి సున్నం కావాలంటే సుమారు 900 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి బొగ్గు కాలుతుంది. బొగ్గు నుంచి గంధకపు వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, కంటికి ఆనని మసి వస్తాయి. ఇంటి గడప మీద తెల్లగా పేరుకునేది కనిపిస్తుంది కాబట్టి ఆడవాళ్ళు పూటపూటా తుడుస్తారు. ప్రాణానికి ఎక్కువ హాని చేసేది గడప మీద కనిపించదు.

మూడు, రాతి దుమ్ము అంతా ఒక్కలాంటిది కాదు. రాతిలో స్ఫటికపు సిలికా ఎంత ఉందన్నది అసలు ప్రశ్న. సున్నపురాయిలో అది తక్కువ కావచ్చు. గ్రానైట్ క్రషర్లలో ఎక్కువ. సిలికా దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. అది వచ్చాక తిరిగి బాగుచేసే మందు లేదు, పైగా క్షయ సోకే ప్రమాదం పెరుగుతుంది. దుర్గిలో శిల్పాలు చెక్కేవాళ్ళు, నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టేవాళ్ళు, క్రషర్ కూలీలు, వీళ్ళు ఏ దుమ్ము పీలుస్తున్నారో, అందులో సిలికా ఎంతో పరీక్షించి చెప్పకుండా అంతా సున్నమే అనడం బాధ్యత లేని మాట. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్ ఉండేది. పత్తి నూగు పీల్చడం వల్ల వచ్చే బిసినోసిస్ కూడా ఉండేది. జిన్నింగు మిల్లుల ప్రాంతానికి ఇది సొంత సంగతే. ఈ జబ్బులను చూసిన వైద్యుడు ఫ్యాక్టరీల ప్రధాన తనిఖీ అధికారికి తెలియజేయాలని ఆ చట్టం 89వ సెక్షను చెప్పేది. ఎక్స్‌రేలో మచ్చ కనిపించగానే క్షయ మందు రాసి పంపితే ఆ మనిషి ఈ లెక్కలోకి రాడు. లెక్కలోకి రాని జబ్బు జిల్లాలో లేని జబ్బుగా చలామణీ అవుతుంది.

బీడీ మాటలో నిజం ఉంది. పొగాకు చంపుతుంది, అందులో వాదన లేదు. అయితే బీడీ నోట పెట్టని ఆడవాళ్ళకు పిల్లికూతలు, ఆయాసం ఎందుకొస్తున్నాయి? పత్తికట్టె, మిరపకట్టె, కందికట్టె పొయ్యిలో పెట్టి దశాబ్దాల తరబడి వండినవాళ్ళు వీళ్ళు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి గ్యాసు ఇంటికి చేరిన మాట నిజమే. చాలా ఇళ్ళలో వేణ్ణీళ్ళకూ పశువుల దాణాకూ కట్టెల పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. ఇక్కడ రైతులుగా మన వంతు కూడా ఒప్పుకోవాలి. మిరప, పత్తి కోతలయ్యాక చేలోనే కట్టె తగలబెడుతున్నాం, నాగార్జునసాగర్ కుడి కాలువ కింద యంత్రంతో కోసిన వరి మాగాణిలో గడ్డి కాలుస్తున్నాం, మల్చింగు షీట్లు కూడా ఆ మంటలోనే వేస్తున్నాం. ఫ్యాక్టరీ పొగ చెడ్డది, పొలం పొగ మంచిది అని ఊపిరితిత్తి చూసుకోదు. బీడీ తాగే క్వారీ కూలీ ఉన్నాడనుకోండి, అతనికి రెండు వైపుల నుంచీ దెబ్బ. బీడీ తాగుతున్నాడు కాబట్టి దుమ్ము తప్పు లేదనడం అతని జబ్బును అతని మీదికే నెట్టడం.

ఇక అన్నిటికన్నా పెద్ద మాట, గట్టి ఆధారాలు లేవన్నది. ఇది కొత్త మాట కాదు. కాలుష్యం ఆయుష్షు తగ్గిస్తుందని భారతీయ అధ్యయనం ఏదీ చూపలేదని 2019 డిసెంబరులో అప్పటి పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్ లోక్‌సభలో చెప్పారు. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 2018 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వానిదే అయిన భారత వైద్య పరిశోధన మండలి భాగస్వామిగా ఉన్న అధ్యయనం లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో వచ్చింది. 2017లో దేశంలో 12.4 లక్షల మరణాలకు వాయు కాలుష్యం కారణమనీ, ఈ కాలుష్యం లేకపోతే సగటు ఆయుర్దాయం 1.7 ఏళ్ళు ఎక్కువగా ఉండేదనీ అది చెప్పింది. 2020లో వచ్చిన తరువాతి నివేదిక 2019 సంవత్సరానికి 16.7 లక్షల మరణాలని లెక్కగట్టింది. అది ఆ ఏటి మొత్తం మరణాల్లో 17.8 శాతం. ఇవి అంచనాలే, శవపరీక్ష లెక్కలు కావు. కానీ పొగాకు మరణాలను, అధిక రక్తపోటు మరణాలను లెక్కగట్టేదీ ఈ పద్ధతిలోనే. ఆ లెక్కలు నమ్మి పథకాలు రాసుకునే ప్రభుత్వం గాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం గట్టి ఆధారం కావాలంటోంది.

ఆధారం ఎలా దొరుకుతుందో తెలియక కాదు. అమెరికాలో యూటా లోయ అనే చోట పెద్ద ఉక్కు కర్మాగారం ఉండేది. కార్మిక వివాదం వల్ల 1986-87లో పదమూడు నెలలు మూతపడింది. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఆ లోయ ఆసుపత్రుల రిజిస్టర్లు తీశాడు. కర్మాగారం నడిచిన చలికాలాల్లో శ్వాస జబ్బులతో చేరిన పిల్లలు, అది మూతపడిన చలికాలం కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. కొత్త యంత్రాలేవీ కొనలేదు, ఆసుపత్రిలో ఉన్న లెక్కలే చూశారు. 1993లో ఆరు అమెరికా పట్టణాల్లో ఎనిమిది వేల మందికి పైగా పెద్దవాళ్ళను పధ్నాలుగు నుంచి పదహారేళ్ళు గమనించిన హార్వర్డ్ అధ్యయనం వచ్చింది. పొగ తాగడం, వయసు, బరువు వంటివన్నీ తీసేసి చూసినా, గాలి బాగా చెడిన పట్టణంలో మరణాల రేటు మంచి గాలి ఉన్న పట్టణం కన్నా 26 శాతం ఎక్కువని తేలింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సరు కారకాల మొదటి తరగతిలో పెట్టింది. పొగాకు ఉన్న తరగతి అదే.

మరణ ధ్రువపత్రంలో కాలుష్యమని ఎవరూ రాయరు కదా అంటారు. రాశారు. లండన్‌లో 2013 ఫిబ్రవరిలో ఉబ్బసంతో చనిపోయిన తొమ్మిదేళ్ళ ఎల్లా కిసీ-డెబ్రా విషయంలో, ఆమె తల్లి ఏళ్ళ తరబడి పోరాడగా, 2020 డిసెంబరులో విచారణాధికారి వాయు కాలుష్యాన్ని మరణ కారణాల్లో ఒకటిగా నమోదు చేశాడు. అదే లండన్‌లో 1952 డిసెంబరు పొగమంచులో నాలుగు వేల మంది పోయారని మొదట లెక్క తేల్చారు. తరువాతి నెలల్లో కొనసాగిన అదనపు చావులకు ఇన్‌ఫ్లుయెంజా కారణమని ప్రభుత్వం చెప్పింది. ఆ తరువాతి పరిశీలనలు మొత్తం పన్నెండు వేల దాకా ఉండవచ్చన్నాయి. అయినా అక్కడి ప్రభుత్వం చివరి శవం లెక్క తేలేదాకా ఆగలేదు. 1956లోనే స్వచ్ఛ వాయు చట్టం తెచ్చింది.

బట్టీలు మూసేస్తే తిండి ఎలా అని అడుగుతారు. మూయమని ఈ వ్యాసం అడగడం లేదు. ఆ దుమ్ము అందరికన్నా ముందు పీల్చేది అక్కడ పనిచేసే కూలీలే, వాళ్ళ బతుకు పేరు చెప్పి వాళ్ళ ఊపిరితిత్తులను లెక్కలోంచి తీసేయకండి అని మాత్రమే అడుగుతోంది. దుమ్ము ఆపడానికి పెద్ద సాంకేతిక విద్య అక్కర్లేదు. క్రషర్ల దగ్గర నీటి తుంపరలు, మిల్లులకు బ్యాగ్ ఫిల్టర్లు, లారీకి టార్పాలిన్, రోడ్డు మీద రాలినదాన్ని తడిపి ఎత్తడం, బట్టీకి ఎత్తైన గొట్టం. ఇవన్నీ అనుమతి పత్రాల్లో షరతులుగా రాసేవే.

డబ్బు లేదనడానికీ వీల్లేదు. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గనుల జిల్లాకూ జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టారు. సున్నపురాయి మీద 2014లో నిర్ణయించిన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. 2015 జనవరి 12కు ముందు లీజు పొందినవాడు ఆ రాయల్టీలో 30 శాతం, తరువాత వేలంలో పొందినవాడు 10 శాతం ఈ నిధికి అదనంగా కట్టాలి. అంటే పాత లీజు నుంచి తవ్విన ప్రతి టన్నుకూ 24 రూపాయలు. ఆ నిధి గని ప్రభావిత జనం కోసమే. తాగునీరు, కాలుష్య నియంత్రణ, వైద్యం దాని మొదటి ప్రాధాన్యాలని 2015 మార్గదర్శకాల్లోనే ఉంది. పల్నాడులో ఆ సొమ్ములో రోడ్లకెంత పోయింది, ఊపిరితిత్తుల పరీక్షలకెంత పోయిందన్నది జిల్లా కలెక్టరు ఊరూరా నోటీసు బోర్డు మీద పెట్టించాలి. పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్లలో కంపెనీ ఆవరణకు బయట, పాఠశాల పక్కన, ప్రభుత్వమే నడిపే కొలత కేంద్రాలు పెట్టాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఊదించి చూసే స్పైరోమీటర్ ఉండాలి. ఓపీ రిజిస్టరులో ఆయాసం పక్కన రోగి ఏ పని చేస్తాడో, ఏ ఊరివాడో రాయాలి. పిడుగురాళ్ళకు మంజూరైన ప్రభుత్వ వైద్య కళాశాల పూర్తయ్యాక, దాని శ్వాసకోశ విభాగం చేయాల్సిన మొదటి అధ్యయనం ఇదే. బట్టీలు ఆగిన నెలలకూ సాగిన నెలలకూ పిల్లల ఓపీలో తేడా ఎంతో తీస్తే, ప్రభుత్వం అడుగుతున్న ఆధారం మన జిల్లాలోనే పుడుతుంది.

చదువుతున్నవారికి ఒక మనవి. గనికో కర్మాగారానికో మీ మండలంలో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, కనీసం ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఆ సభకు వెళ్ళండి. మా ఊరి బడి దగ్గర సన్న ధూళి ఎంత, కొలిచింది ఎవరు, ఆ యంత్రం ఎవరిది అని అడగండి. మీరు అడిగింది రాతలో పెట్టి, సభ చివర తెలుగులో చదివి వినిపించాల్సిన బాధ్యత 2006 నోటిఫికేషన్ ప్రకారం అధికారులదే.